పిల్లల ఆటలు, వ్యాయామం: బెజవాడ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పేరెంట్స్ మీటింగ్ రోజున మార్కుల సంగతి అయిపోయాక గ్రౌండ్ వైపు వచ్చి అడిగే తల్లిదండ్రులు కొందరుంటారు, మిగతావాళ్లు రాత్రిపూట వాట్సాప్‌లో అడుగుతారు. అడిగేవి దాదాపు ఇవే కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. డాక్టరుకు చూపించాల్సినవి ఎక్కడికక్కడ చెప్పాను, వాటిని మాత్రం వాయిదా వేయకండి.

పిల్లలు రోజుకు ఎంతసేపు ఆడాలి?

5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క. ఆ గంటలో ఊపిరి వేగం పెరగాలి, ఒంటికి చెమట పట్టాలి. పిల్లవాడు ఆడుతూ మాట్లాడగలుగుతున్నాడు కానీ పాట పాడమంటే ఆయాసం వస్తోంది అంటే సరిగ్గా ఆడుతున్నట్టే. వారంలో కనీసం 3 రోజులు అంతకంటే గట్టిగా, బాగా రొప్పేలా ఆడాలి, ఎముకలు, కండరాలు బలపడే పనులు కూడా 3 రోజులు ఉండాలి. వీటికి పరికరాలేమీ అక్కర్లేదు, స్కిప్పింగ్, కబడ్డీ, ఖోఖో, చెట్టెక్కడం, గుంజీలు అన్నీ అందులోకే వస్తాయి.

గంటా ఒక్కసారే ఆడాలని లేదు. పొద్దున ఇరవై నిమిషాలు తాడాట, సాయంత్రం నలభై నిమిషాలు క్రికెట్ అయినా సరిపోతుంది (క్రికెట్‌లో బ్యాటింగ్ కోసం గోడ మీద కూర్చున్న టైము లెక్కలోకి రాదు!). మూడు, నాలుగేళ్ల చిన్నపిల్లలైతే రోజు మొత్తం మీద 3 గంటలు కదులుతూ ఉండాలి, అందులో ఒక గంట పరుగులూ గెంతులూ ఉండాలి. ఆ వయసులో మనం కుర్చీలో కట్టేయకుండా ఉంటే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

బడిలో గేమ్స్ పీరియడ్ ఉంది కదా, అది చాలదా?

చాలదు. చాలా బడుల్లో అది వారానికి రెండు పీరియడ్లే. అందులో లైను కట్టడానికీ, బంతి కోసం ఎదురుచూడడానికీ సగం టైము పోతుంది, పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్ కాస్తా లెక్కలకు వెళ్లిపోతుంది. మీటింగ్‌కి వచ్చినప్పుడు మార్కులతో పాటు "ఈ నెల గేమ్స్ పీరియడ్లు ఎన్ని జరిగాయి?" అని కూడా అడగండి. తల్లిదండ్రులు అడిగితేనే మేనేజ్‌మెంట్లు వింటాయి, మేం అడిగితే వినవు.

టెన్త్ కదా సార్, ఈ ఒక్క ఏడాది ఆటలు మానిపిస్తే ఏమవుతుంది?

ఈ ప్రశ్న అడిగిన వాళ్లెవరూ ఒక్క ఏడాదితో ఆగడం నేను చూడలేదు. టెన్త్ తర్వాత ఇంటర్, ఆ తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ, నీట్ అంటారు, ఒకవేళ లాంగ్‌టర్మ్ పడితే ఇంకో ఏడాది. అలా పదిహేనేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లవాడు కూర్చునే ఉంటాడు. మనిషి ఎముకల గట్టిదనంలో దాదాపు 90 శాతం పద్దెనిమిది, ఇరవై ఏళ్ల లోపే ఏర్పడిపోతుంది, ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. కరెక్టుగా ఆ వయసులోనే మనం పిల్లల్ని ఏసీ క్లాసుల్లో, స్టడీ అవర్లలో కూర్చోబెడుతున్నాం, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చదువుకు ఆట అడ్డం కాదు. కదిలే పిల్లలకు నిద్ర బాగా పడుతుంది, ఏకాగ్రత కుదురుతుంది, టెన్షన్ తగ్గుతుంది, రాత్రి పదకొండింటికి పుస్తకం ముందు తూగుతూ కూర్చున్న గంట కంటే సాయంత్రం అరగంట షటిల్ ఆడి వచ్చి చదివిన గంటలో ఎక్కువ తలకెక్కుతుంది. పరీక్షల నెలలో గంటను అరగంట చేయండి, పూర్తిగా తీసేయకండి.

హాస్టల్లో వేసేవాళ్లకు ఇంకో మాట. ఫీజు మాట్లాడే ముందు ఆ క్యాంపస్‌లో పిల్లలు పరిగెత్తడానికి చోటుందా, ఆ చోటికి వాళ్లను రోజూ వదులుతారా అని చూడండి. గ్రౌండ్ ఫొటో బ్రోచర్‌లో ఉంటే సరిపోదు, సాయంత్రం ఐదింటికి వెళ్లి అక్కడ పిల్లలు ఉన్నారో లేదో కళ్లారా చూసుకోండి. గ్రౌండ్ లేని చోటే వేయక తప్పకపోతే, మెట్లు ఎక్కడం దిగడం, గదిలోనే గుంజీలు, పుష్‌అప్స్, స్కిప్పింగ్ నేర్పి పంపండి, బట్టల పెట్టెలో ఒక తాడు పెట్టండి.

మన ఎండల్లో ఆడించవచ్చా? వడదెబ్బ తగలదూ?

మన ఊళ్లో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి, కృష్ణ పక్కనే ఉంది కాబట్టి ఉక్కపోత దానికి తోడు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే థర్మామీటరులో 38 చూపించినా ఉక్కగా ఉన్న రోజు కూడా ప్రమాదమే.

వేసవిలో పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత ఆడించండి. మధ్యాహ్నం మ్యాచ్‌లు వద్దు, సమ్మర్ క్యాంపు వాళ్లు పదకొండింటికి బ్యాచ్ పెడితే డబ్బు కట్టకండి. సెలవుల్లో ఏసీలో పడుకుని ఒక్కసారిగా క్యాంపులో చేరిన పిల్లలకు ఎండ అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి వారం సగం టైము, సగం బలం. కోచ్‌లలో చాలామంది మొదటి రోజే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తారు, అలాంటి చోట మీరు గట్టిగా మాట్లాడాలి.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, పిక్కలు పట్టేయడం కనిపిస్తే వెంటనే ఆట ఆపి నీడలో పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి నీళ్లు తాగించండి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ, ప్రాణం మీదకు వచ్చినట్టే. 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి, విసురుతూ ఉండండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ లేని పిల్లవాడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఒళ్లు చల్లబరచడం ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, అంబులెన్స్ వచ్చాక చూసుకుందాం అనుకోవద్దు.

ఆటలో ఏం తాగించాలి? ఎనర్జీ డ్రింకులు?

నీళ్లు. దాహం వేసే దాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకు నాలుగైదు గుక్కలు. ఆట అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరిబోండం ఏదైనా సరే. కెఫీన్ ఉండే ఎనర్జీ డ్రింకులు పిల్లలకు అసలు వద్దు, గుండె దడ, నిద్రలేమి తెప్పిస్తాయి. ఓఆర్‌ఎస్ కావాలంటే మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకుని, ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలోనే కలపండి. పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకుని అమ్మిన తీపి డ్రింకులు చాలా ఉండేవి, 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడొద్దని ఆదేశాలిచ్చింది. కాబట్టి పేరు చూసి కాకుండా వెనకాల రాసింది చదివి కొనండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఎక్కడ ఆడించమంటారు?

బెంజ్ సర్కిల్, పటమట వైపు ఉండే వాళ్ల దగ్గర ఎక్కువగా వినేది ఇదే. సెల్లార్‌లో ఆడిస్తే కార్లు రివర్స్ తీసేటప్పుడు చిన్నపిల్లలు డ్రైవరుకు కనపడరు. అసోసియేషన్‌లో మాట్లాడి సాయంత్రం ఒక గంట ఒక మూల ఖాళీ చేయించుకోండి, పెద్దవాళ్లు ఒకరు వంతులవారీగా నిలబడండి. డాబా మీదైతే పిట్టగోడ పిల్లల ఛాతీ కంటే ఎత్తుగా ఉండాలి, లేకపోతే బంతి ఆటలు, గాలిపటాలు అక్కడ వద్దు.

చిన్న జాగాలో ఆడే ఆటలు మనకు ఎన్ని లేవు! తొక్కుడు బిళ్ళ, ఏడు పెంకులాట, నేలా బండ, తాడాట. ఒంటికాలి మీద గెంతే ఆట ఎముకలకు ఎంత మంచిదో చెప్పలేను. మొదటి రోజు మీరు దగ్గరుండి నేర్పిస్తే చాలు, రెండో రోజు నుంచి వాళ్లే కొత్త రూల్స్ పెట్టుకుంటారు.

శని, ఆదివారాలు బయటకు తీసుకెళ్లండి. బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియం ఉంది, గాంధీ కొండ ఎక్కించవచ్చు, గుంటూరు వాళ్లకు బ్రహ్మానందరెడ్డి స్టేడియం, ఎన్టీఆర్ స్టేడియం ఉన్నాయి. వెళ్లే ముందు టైమింగ్స్ కనుక్కోండి. పగటి వెలుతురులో బయట గడిపే పిల్లలకు కళ్లజోడు అవసరం వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.

కృష్ణలో ఈతకు పంపవచ్చా? మేం కాలవలో నేర్చుకున్న వాళ్లమే.

వద్దు. ఈ ఒక్క దాని మీద నేను రాజీపడను. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే కింద ప్రవాహం నిమిషాల్లో మారిపోతుంది, ఇసుక తీసిన చోట గుంటలు పైకి కనపడవు, ఏలూరు కాలవ, బందరు కాలవల్లో గట్టు జారుడుగా ఉండి పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. ఈత వచ్చిన పిల్లలు కూడా అక్కడ మునిగిపోతున్నారు.

ఈత తప్పకుండా నేర్పించండి, మంచి కోచ్, లైఫ్‌గార్డ్ ఉన్న పూల్‌లో. చిన్నపిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు పెద్దవాళ్లు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉండాలి, గట్టు మీద కూర్చుని ఫోను చూస్తే కాపలా కాసినట్టు కాదు. ఇంకొకటి కూడా పిల్లలకు ముందే నేర్పండి: స్నేహితుడు మునుగుతుంటే వెనకే దూకకూడదు, కేకలేసి పెద్దవాళ్లను పిలవాలి, తాడో కర్రో చీరో ఖాళీ ప్లాస్టిక్ క్యానో అందించాలి. ఒకరి కోసం ఒకరు దూకి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

అమ్మాయి పెద్దమనిషి అయింది. ఇంక ఆటలకు పంపాలా?

పంపాలి. నా దగ్గర ఆరో తరగతి దాకా అబ్బాయిల కంటే వేగంగా పరిగెత్తిన ఆడపిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గోడ పక్కన కూర్చుంటున్నారు. ఒంట్లో సత్తువ లేక కాదు, ఇంట్లో వద్దన్నారని. నెలసరి రోజుల్లో ఆడితే ఏమీ కాదు, ఇంకా చెప్పాలంటే కొద్దిపాటి కదలికతో చాలామందికి కడుపునొప్పి తగ్గుతుంది. ఒంట్లో బాగాలేదనిపిస్తే ఆ రోజు తగ్గించుకుంటారు, అది అమ్మాయికే వదిలేయండి. సరైన కొలత స్పోర్ట్స్ బ్రా, మోకాళ్ల దాకా షార్ట్స్ లేదా ట్రాక్ ప్యాంటు, ప్యాడ్ మార్చుకోవడానికి బడిలో శుభ్రమైన బాత్‌రూమ్ ఉంటే సగం మంది మళ్లీ గ్రౌండ్‌లోకి వస్తారు.

త్వరగా అలిసిపోతుంటే బద్ధకం అని తిట్టే ముందు రక్తం పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ప్రభుత్వ బడుల్లో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగించండి, అన్నం తిన్నాక వేసుకోవాలి, టీ, పాలతో కలిపి వద్దు. బాగా ప్రాక్టీస్ చేసే అమ్మాయికి వరసగా 3 నెలలు నెలసరి రాకపోతే తిండి చాలడం లేదని అర్థం కావచ్చు, డాక్టరమ్మకు చూపించండి.

ఆడపిల్ల ఆటలతో ఏం సాధిస్తుంది అని అడిగే తాతయ్యలకు మన బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ పేరు చెప్పండి, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆర్చరీలో 3 బంగారు పతకాలు తెచ్చింది. అయితే పతకం రాకపోయినా ఆడే హక్కు ప్రతి అమ్మాయికీ ఉందన్నది నా మాట.

పద్నాలుగేళ్లకే జిమ్‌కి వెళ్తానంటున్నాడు. ఎత్తు పెరగడం ఆగిపోతుందా?

ఆగదు. సరైన పద్ధతిలో, చూసుకునే మనిషి ఉండగా చేస్తే బరువుల వ్యాయామం ఎదుగుదలను ఆపదు. ప్రమాదమంతా పోటీకి పోయి ఎత్తగలిగినంత బరువు ఎత్తడంలో, సగం తెలిసిన ఫ్రెండును చూసి చేయడంలో ఉంది. మొదట తన ఒంటి బరువుతోనే గుంజీలు, దండీలు, బస్కీలు, పుల్‌అప్స్ తప్పు లేకుండా చేయగలగాలి. తర్వాత పది, పదిహేను సార్లు తేలిగ్గా ఎత్తగల బరువు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విశ్రాంతి.

ప్రొటీన్ పౌడరు ఈ వయసులో అక్కర్లేదు. గుడ్లు, పప్పు, పెరుగు, శనగలు, వేరుశనగపప్పు, తినేవాళ్లకు చేప, చికెన్ చాలు. జిమ్‌లో ఎవరైనా ఇంజక్షన్ అనో, కండ తెప్పించే మాత్ర అనో అంటే ఆ జిమ్ ఆ రోజే మాన్పించండి. స్టెరాయిడ్లు వాడితే మాత్రం ఎత్తు నిజంగానే ఆగిపోవచ్చు, లివరు, గుండె దెబ్బతినవచ్చు.

అకాడమీలో రోజూ మూడు గంటలు ప్రాక్టీస్, మోకాలి నొప్పి అంటున్నాడు. ఎదిగే నొప్పులేనా?

కావచ్చు, కాకపోవచ్చు. పది నుంచి పదిహేనేళ్ల మధ్య ఎముక వేగంగా పెరుగుతుంది, తొడ కండరం మోకాలి చిప్ప కింద అతుక్కున్న చోట లాగుతుంటుంది, గెంతే, పరిగెత్తే పిల్లలకు అక్కడ బొడిపెలా వచ్చి నొప్పెడుతుంది. గెంతులు తగ్గించి, ఐసు పెట్టి, తొడ కండరాలు సాగదీసే వ్యాయామాలు చేస్తే తగ్గుతుంది, ఎదుగుదల పూర్తయ్యాక దాదాపుగా పోతుంది. కానీ ఒక్క కాలే నొప్పి పెడుతూ వాపు ఉన్నా, కుంటుతున్నా, రాత్రి నొప్పికి నిద్ర లేస్తున్నా, జ్వరం తోడైనా ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే.

ఇంకో కొలత గుర్తుపెట్టుకోండి: ఒకే ఆట ప్రాక్టీస్ వారానికి ఎన్ని గంటలంటే పిల్లవాడి వయసు అంకె దాటకూడదు. పదకొండేళ్ల వాడికి వారానికి 11 గంటలకు మించి వద్దు. వారంలో కనీసం ఒక పూర్తి రోజు సెలవు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆటకు విరామం. పన్నెండేళ్ల లోపు పిల్లవాణ్ణి ఒకే ఆటకు కట్టేయడం నాకిష్టం లేదు, నాలుగు రకాల ఆటలు ఆడినవాడికి దెబ్బలు తక్కువ, విసుగు రావడం కూడా తక్కువ.

కాలు బెణికితే నాటు కట్టు వేయించవచ్చా?

ముందు ఎక్స్‌రే. పిల్లల ఎముకల చివర పెరిగే భాగం మెత్తగా ఉంటుంది, పెద్దవాళ్లకు బెణుకుతో పోయే దెబ్బకే పిల్లలకు అక్కడ చిట్లవచ్చు. దాన్ని సరిగ్గా కూర్చకపోతే కాలు వంకరగానో పొట్టిగానో పెరిగే ప్రమాదం ఉంది. బిగుతుగా కట్టిన కట్టు వల్ల రక్తం ఆడక వేళ్లు నల్లబడితే చెయ్యీ కాలూ పోయే పరిస్థితి కూడా రావచ్చు. ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలితే గుడ్డలో చుట్టిన ఐసు 15-20 నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ, కాలు దిండు మీద. మొదటి రెండు రోజులు నూనె పెట్టి మర్దనా వద్దు, కాపడం వద్దు.

తలకు దెబ్బ తగిలింది, కాసేపటికి లేచి ఆడతానంటున్నాడు.

ఆ రోజు ఇంక ఆడకూడదు. తలనొప్పి, మసక, గందరగోళం, అడిగిందే మళ్లీ అడగడం, వెలుతురు చూడలేకపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. వాంతులు, మగత, ఫిట్స్, ముక్కు చెవుల నుంచి నీరు కారడం ఉంటే సూటిగా ఎమర్జెన్సీకి. మళ్లీ గ్రౌండ్‌లోకి మెల్లమెల్లగా, డాక్టరు సరేనన్నాకే.

ఆస్తమా ఉంది, లేదా గుండె విషయంలో భయం ఉంది. ఆడించవచ్చా?

ఆస్తమా అదుపులో ఉన్న పిల్లలు అన్ని ఆటలూ ఆడవచ్చు. పది నిమిషాల వార్మప్, జేబులో ఇన్‌హేలర్, పీఈటీకి (వ్యాయామ ఉపాధ్యాయుడికి) ముందే చెప్పడం, అంతే. ఇన్‌హేలర్ అలవాటవుతుందని భయపడి ఇంట్లో వదిలేసి పంపేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి.

గుండె విషయంలో మూడు ప్రశ్నలు: పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పాడా, ఛాతీ నొప్పి వచ్చిందా, కుటుంబంలో యాభై ఏళ్ల లోపు ఎవరైనా ఉన్నట్టుండి పోయారా? ఒక్కదానికి అవునన్నా సరే, ఆట ఆపి కార్డియాలజిస్టు దగ్గర ఈసీజీ, ఎకో చేయించండి.

జ్వరం తగ్గిన మర్నాడే మ్యాచ్ ఉంది.

మ్యాచ్ వదిలేయండి. వైరల్ జ్వరాల్లో గుండె కండరం వాచే అవకాశం ఉంటుంది, ఆ సమయంలో గట్టిగా పరిగెత్తించడం ప్రమాదం. డెంగీ అయితే డాక్టరు చెప్పేదాకా గ్రౌండ్ మాట ఎత్తొద్దు.

సూర్యనమస్కారాలు చేస్తాడు, చాలదా?

మంచివే. వేగంగా చేస్తే ఆయాసం వస్తుంది, అప్పుడు లెక్కలోకి వస్తాయి. నెమ్మదిగా ఆసనాలు మాత్రమే అయితే వాటితో పాటు పరుగు కూడా కావాలి.

ఆడే ముందు ఏం పెట్టాలి?

అరటిపండు. ఇడ్లీలు, అన్నం అయితే రెండు గంటల ముందు. పునుగులు, మిరపకాయ బజ్జీలు తిని నేరుగా కబడ్డీకి వచ్చిన వాళ్లు గ్రౌండ్‌లోనే వాంతి చేసుకుంటున్నారు, అవి ఆట అయ్యాక ఎప్పుడైనా ఒకసారి తినొచ్చు.

మా బాబుకు కాలు సరిగ్గా లేదు. వాణ్ణి కూర్చోబెట్టేస్తున్నారు.

ఎవరు కూర్చోబెట్టినా తప్పే. ఆ 60 నిమిషాలు వైకల్యం ఉన్న పిల్లలకూ వర్తిస్తాయని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కూర్చుని బాస్కెట్‌బాల్ విసరవచ్చు, షాట్‌పుట్, ఆర్చరీ, ఈత ఉన్నాయి. స్కోరు రాయడం, అంపైరింగ్ ఇచ్చి సరిపెట్టే మాస్టార్లు ఉంటే, "మా వాడు చెమట పట్టేలా ఏం ఆడగలడో చూడండి" అని అడగండి. ఫిజియోథెరపిస్టు చేత ఏవి చేయవచ్చో, ఏవి వద్దో ఒక కాగితం మీద రాయించి తెస్తే పీఈటీకి కూడా భయం పోతుంది.

లావుగా ఉంటాడు, ఫోను వదలడు, ఆటంటేనే ఏడుపు. ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఇంట్లో వాడి ఒళ్లు గురించి మాట్లాడడం ఆపండి, చుట్టాల చేత కూడా ఆపించండి. తోటివాళ్లు నవ్వుతారన్న భయంతోనే చాలామంది గ్రౌండ్‌కి రారు. అందుకని పోటీ లేని వాటితో మొదలుపెట్టండి, సాయంత్రం మీతో పాటు పదిహేను నిమిషాలు గబగబా నడక, తర్వాత సైకిల్ (హెల్మెట్‌తో, ఏలూరు రోడ్డు మీద కాకుండా లోపలి వీధుల్లో), ఈత. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే రెండు మూడు నెలల్లో గంటకు చేరతారు. బరువు తూచడం ఈ రెండు నెలలూ వద్దు. ఎన్ని మెట్లు ఆయాసం లేకుండా ఎక్కాడో చూడండి, ఆ మాట వాడికి చెప్పండి.

"వెళ్లి ఆడుకో పో" అంటే ఏ పిల్లవాడూ వెళ్లడు. పక్క ఫ్లాట్ పిల్లలు ఇద్దరిని ఇంటికి పిలిచి, ఒక బంతి ఇచ్చి, ఆ గంటసేపు మీ ఫోను కూడా లోపల పెట్టి కిందకు దిగండి.